తినని బాతు పిల్లకి ముందు ఏది: వేడా, నీళ్లా, మేతా, సిరంజా?

బాతు పిల్ల తినట్లేదు అనంగానే అందరూ అడిగేది ఒకటే, ఏం పెట్టాల అని. అన్నం పెట్టాలా, రాగి జావ పొయ్యాలా, గుడ్డు సొన పెట్టాలా, సిరంజితో పట్టాలా. నేనైతే ఆ ప్రశ్నని అన్నిటికన్నా చివరికి పెట్టుకోమంటా. నీరసపడిన పిల్లల్లో శానా వాటికి మేత నచ్చక కాదు, ఒళ్లు చల్లబడి ఉంటాది, లేదంటే నీళ్లు అందక ఎండిపోయి ఉంటాది, లేదంటే కాళ్లు నిలవక గిన్నె దాకా పోలేక పడి ఉంటాది, అదీ కాదంటే ఒంటరిగా అరిచి అరిచి సొమ్మసిల్లి ఉంటాది. వీటిల్లో ఏదో తేల్చుకోకుండా నోట్లో మేత కుక్కితే చల్లబడిన కడుపులో అది అరగదు, అట్లే పులుస్తాది, పిల్ల తెల్లారేసరికి ఉండదు. అందుకే ఈడ నేను పోల్చేది మేతలొక్కటే కాదు, వేడి ఎట్ల ఇవ్వాల, నీళ్లలో ఏం కలపాల, ఎట్ల తాగించాల, ఎప్పుడు డాక్టర్ దగ్గరికి పోవాల, అన్నీ చెప్తా. మన కర్నూలు, అనంతపురం, కడప ఎండలకి, మన అంగళ్లల్లో దొరికే సరుకుకి తగినట్టే చెప్తా.

ముందు పిల్ల వయసు ఎంతో చూసుకోండి. గుడ్డులోంచి బయటికి వచ్చే ముందు మిగిలిన పచ్చసొనని పిల్ల కడుపులోకి లాక్కుంటాది, దాంతోనే రెండు రోజులు, గట్టి పిల్లయితే మూడో రోజు దాకా కూడా నెట్టుకొస్తాది. హ్యాచరీలోళ్లు పిల్లల్ని అట్టపెట్టెల్లో వేసి అంత దూరం పంపగలుగుతున్నారంటే దీనివల్లే. కాబట్టి నిన్న పొదిగిన పిల్ల ఈ పొద్దు తినట్లేదు అంటే అది జబ్బు కాదు, వెచ్చగా ఉంచి నీళ్లు చూపించి గమ్మున ఉండండి. మూడో రోజు దాటినా మేత ముట్టకపోతే, నిన్నటిదాకా బాగా తిని ఈ పొద్దు మానేస్తే, అప్పుడు చెయ్యి పెట్టాల.

చెయ్యి పెట్టేముందు రెండు నిమిషాలు పిల్లని అరచేతిలో పెట్టుకుని చూడండి. కాళ్లు, ముక్కు చల్లగా తగుల్తున్నాయా. కళ్లు లోపలికి పోయినాయా, చర్మం పట్టి వదిలితే అట్లే ముడతగా నిలబడుతుందా, అంటే ఒంట్లో నీళ్లు తగ్గినాయని. బొడ్డు ఎండి ఉందా, తడిగా ఎర్రగా వాసనొస్తా ఉందా. వెనక రెట్ట అంటుకుని మూసుకుపోయిందా, అట్ల ఉంటే గోరువెచ్చని నీళ్లల్లో దూది ముంచి నానబెట్టి మెల్లగా తియ్యండి, ఎండినదాన్ని పీకితే తోలు లేచొస్తాది. అరుపు కూడా వినండి, గట్టిగా ఆగకుండా అరిచే పిల్లకి చలన్నా ఉంటాది, తోడన్నా లేకపోయి ఉంటాది, దానికి ఇంకా ఓపిక ఉన్నట్టే లెక్క. అరవకుండా మూలకి ముడుచుకుని కళ్లు మూసుకున్నదే ప్రమాదం. వంటింట్లో చిన్న కాటా ఉంటే తూకం వేసి రాసి పెట్టుకోండి, పొద్దునకీ మాపటేలకీ గ్రాముల్లో తేడా కంటికి తెలీదు గానీ కాటాకి తెలుస్తాది.

వేడి: బల్బా, వేడినీళ్ల బాటిలా, పొదుగు కోడా

మొదటి వారం బాతు పిల్ల ఉండే చోట దాని వీపు ఎత్తులో 32 నుంచి 35 డిగ్రీల వేడి ఉండాల, ఆ తర్వాత వారానికి 3 డిగ్రీల లెక్కన తగ్గించుకుంటా రావాల. నీరసపడిన పిల్లకి వయసు ఎంతైనా కొంచెం ఎక్కువ వైపే ఉంచాల. మార్కెట్లో దొరికే చిన్న గది థర్మామీటర్ ఒకటి నేల మీద పెట్టుకుంటే సగం గొడవ తీరిపోతాది.

బల్బు దగ్గర అందరూ దెబ్బ తినేది ఒకటుంది, ఇప్పుడు అంగడికి పోయి బల్బు ఇయ్యన్నా అంటే ఎల్ఈడీ ఇస్తాడు, దానికి వెలుతురే గానీ వేడి రాదు. పిల్ల తెల్లని వెలుగులో చలికి వణుకుతా ఉంటాది, మనం లైటు వేసినాం కదా అనుకుంటాం. పాతకాలం ఫిలమెంట్ బల్బు 60 వాట్లది దొరికితే చిన్న అట్టపెట్టెకి, ఒకటి రెండు పిల్లలకి అది చాలు. లేదంటే పౌల్ట్రీ సామాను అమ్మే చోట ఎర్రగా వెలిగే ఇన్ఫ్రారెడ్ బల్బు దొరుకుతాది, అది గుంపుకి బాగుంటాది గానీ ఒక్క పిల్లకి 250 వాట్లు పెట్టడం అంటే కాల్చడమే, పైగా ఊక మీద పడిందంటే మంటలు. ఏ బల్బు అయినా పెట్టెకి ఒక పక్కనే పెట్టాల, రెండో పక్క చల్లగా వదిలెయ్యాల, పిల్ల తనకి ఎక్కడ బాగుంటే అక్కడికి జరుగుతాది. కానీ ఇక్కడే చూడండి, బాగా నీరసపడిన పిల్ల జరగలేదు, పడ్డచోటే పడి ఉంటాది, అందుకే దానికి బల్బు ఒక్కటే నమ్ముకోవడం నాకు ఇష్టం ఉండదు, ఎక్కువైనా తక్కువైనా అది చెప్పలేదు.

వేడినీళ్ల బాటిల్ అయితే కరెంటు పోయినా పని చేస్తాది, అదే దాని గొప్ప. వాటర్ బాటిల్లో చెయ్యి తాళగలిగిన వేడి నీళ్లు పోసి, పాత బనియన్ చుట్టి, పిల్లకి ఒక పక్క ఆనించి పెట్టాల, గంటకో గంటన్నరకో మార్చాల. రాత్రంతా లేవాల్సొస్తాది, అదే ఇబ్బంది. చల్లారిన బాటిల్ పిల్లలోని వేడినే లాక్కుంటాది కాబట్టి మార్చే ఓపిక లేకపోతే అసలు పెట్టొద్దు. బాగా చల్లబడిన పిల్లకి మొదటి అరగంట, గంట నేనైతే ఇదే ఎంచుకుంటా, లేదంటే ఇంకా మేలు, మన ఒంటికి ఆనించి చీర కొంగులోనో చొక్కా లోపలో పెట్టుకోవడం. కాళ్లు వెచ్చబడినాక అప్పుడు బల్బు ఉన్న పెట్టెలోకి.

పొదుగు కోడి కింద పెట్టడం మన పల్లెల్లో పాత పద్ధతి, బాతు గుడ్లని కోడి కింద పొదిగించడం కూడా ఉన్నదే, బాతు గుడ్డుకి 28 రోజులు కాబట్టి కోడి ఇంకో వారం ఎక్కువ కూర్చోవాల అంతే. కోడి వేడి అన్నిటికన్నా మంచి వేడి, పైగా అది కొక్కొక్కో అని పిలిచి మేత చూపిస్తాది, తినడం నేర్పిస్తాది. కానీ నీరసంగా లేవలేని పిల్లని దాని కింద పెడితే కాలి కింద నలిగిపోతాది, రాత్రి చీకట్లో దూర్చినా పొద్దున్నే చూసి పొడిచే కోళ్లు కూడా ఉన్నాయి. కాబట్టి కోడి అనేది తేరుకుని నాలుగడుగులు వేసే పిల్లకి, పడిపోయినదానికి కాదు.

మనకి ఎండాకాలం లెక్క వేరు. ఏప్రిల్, మే నెలల్లో కర్నూల్లో బయట 42 దాటితే రేకుల ఇంట్లో పగలు బల్బు వెయ్యడం అంటే పిల్లని ఉడకబెట్టడమే. నోరు తెరిచి రొప్పుతా, రెక్కలు ఒంటికి దూరంగా పెట్టి, మెడ చాపి పడుకుంటే అది చలి కాదు, వేడి తగిలింది. ఎండదెబ్బ తగిలిన పిల్ల కూడా తినదు, దానికి ఇంకా వేడి పెడితే అంతే సంగతులు. అట్లాంటిదాన్ని నీడకి, గాలి ఆడే చోటికి మార్చి కాళ్లు మాత్రం మామూలు నీళ్లల్లో తడపండి, ఐసు నీళ్లు వద్దు. పగలు బల్బు ఆపి, తెల్లవారుజాము చల్లదనానికి మాత్రం వేసుకుంటే మన ఎండాకాలానికి సరిపోతాది. డిసెంబర్, జనవరిలో అనంతపురం పక్క రాత్రిళ్లు బాగానే చలి కొడతాది, అప్పుడు రాత్రంతా ఉండాల్సిందే.

ఇంకొకటి, పెట్టెలో అడుగున న్యూస్ పేపర్ పరచొద్దు, జారి జారి కాళ్లు రెండు పక్కలకి విడిపోతాయి, ఆ తర్వాత అది గిన్నె దాకా పోలేక తినడం మానేస్తాది. గోనెసంచి ముక్కో పాత టవలో వెయ్యండి. బూజు పట్టిన గడ్డి, తడిసిన ఊక అసలే వద్దు, ఆ బూజు ఊపిరితిత్తుల్లోకి పోతే మందు లేదు.

నీళ్లు: ఉత్తవా, బెల్లం నీళ్లా, ఓఆర్ఎస్సా

ఒళ్లు వెచ్చబడినాక నీళ్లు. మన దగ్గర ఒక చిక్కుంది, శానా ఊళ్లల్లో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, అనంతపురం జిల్లాలో ఫ్లోరైడ్ సంగతి చెప్పక్కర్లేదు. బాతు పిల్లకి ఉప్పు ఎక్కువైతే తట్టుకోదు, కాబట్టి మనం తాగే క్యాన్ నీళ్లే దానికీ పొయ్యండి, దానికి కావాల్సింది ఎంతని.

చక్కెర నీళ్లు, బెల్లం నీళ్లు, గ్లూకోజ్ పొడి, ఈ మూడూ ఒకే జాతి, తక్షణ ఓపికకి. కప్పు నీళ్లకి ఒక టీ స్పూను చాలు. తేడా ఏందంటే గ్లూకోజ్ తొందరగా ఒంటికి పడుతుంది, బెల్లం వడకట్టకపోతే మట్టి వస్తాది, చక్కెర ఇంట్లోనే ఉంటాది. అర్ధరాత్రి అంగళ్లు మూసి ఉంటే చక్కెరే పెట్టండి, గ్లూకోజ్ కోసం ఆగొద్దు. కానీ ఇది మూడు నాలుగు గంటల పని, రోజంతా ఇస్తే విరేచనాలు పట్టుకుంటాయి, తీపికి కడుపు నిండి మేత కూడా ముట్టదు.

ఓఆర్ఎస్ ఎప్పుడంటే పిల్ల విరేచనాలతో ఉన్నప్పుడు, ఎండదెబ్బ తగిలినప్పుడు, దూరం నుంచి డబ్బాలో వచ్చినప్పుడు. ఇక్కడ కొలత ముఖ్యం. పెద్ద ప్యాకెట్ 21 గ్రాములదైతే పూర్తి లీటరు నీళ్లకి, చిన్న ప్యాకెట్ 4 గ్రాముల చిల్లరదైతే 200 మిల్లీలీటర్లకి. చిన్న పిల్లే కదా అని చిటికెడు పొడి అరగ్లాసులో కలిపేస్తారు, అట్ల కలిపితే ఉప్పు ఎంతైందో ఎవరికీ తెలీదు. లీటరు కలిపి మిగిలింది మీరు తాగండి, ఎండకి మీకూ మంచిదే. టెట్రా ప్యాక్‌లో వచ్చే రంగు రంగుల తియ్యటి డ్రింకులు మాత్రం దీనికి బదులు కావు. నా లెక్క ప్రకారం విరేచనాలు ఉంటే ఓఆర్ఎస్, ఉత్త నీరసమే అయితే గ్లూకోజ్ లేదా చక్కెర, సగం పూట తర్వాత రెండూ ఆపేసి మంచి నీళ్లు.

పాలు ఈ పోటీలోనే లేవు. పక్షికి పాలలోని చక్కెర అరగదు, కడుపు చెడుతుంది. మన చిన్నపిల్లలకి పెట్టే పాలపొడి కలిసిన పొడులు కూడా అందుకే వద్దంటా, అంగట్లో ఎంత బలమైన ఆహారం అని చెప్పినా సరే.

గిన్నె ఎట్లాంటిదో కూడా చెప్పాల. బాతు పిల్ల ముక్కు రంధ్రాలు మునిగేంత లోతు కావాల, అట్ల ముంచి కడుక్కోకపోతే మేత పిండి పోయి ముక్కులు మూసుకుపోతాయి. కానీ అది మొత్తం దిగేంత వెడల్పు ఉండకూడదు. మూతలో గులకరాళ్లు వేసి నీళ్లు పోస్తే సరి. బాతే కదా అని బేసిన్లో ఈదనివ్వొద్దు, తల్లి దగ్గర పెరిగే పిల్లకి తల్లి ఈకల నూనె అంటుతుంది, మన పెట్టెలో పెరిగేదానికి అది ఉండదు, ఈక తడిసి నానిపోయి నిమిషాల్లో చల్లబడిపోతాది. తగ్గిపోయింది అనుకున్న పిల్లలు మళ్లీ పడిపోవడానికి నేను చూసినంతలో ఇదే పెద్ద కారణం, ఇంట్లో పిల్లలు ముచ్చటపడి నీళ్లల్లో వదుల్తారు.

మేత: స్టార్టరా, గుడ్డా, రాగి జావా, అన్నమా

ఇప్పుడు అందరూ మొదట అడిగే ప్రశ్న. బాతు పిల్లకి మొదటి వారాల్లో మేతలో ప్రోటీన్ 18 నుంచి 22 శాతం ఉండాల. ఈ ఒక్క అంకె పట్టుకుని చూస్తే సగం మేతలు పక్కకి పోతాయి.

కోళ్ల మేత అమ్మే అంగట్లో దొరికే చిక్ స్టార్టర్, అంటే కోడిపిల్లలకి మొదట్లో పెట్టే మేత, ఈ అంకెకి సరిపోతాది, రోజువారీ మేతకి ఇదే నా ఓటు. మందు కలపనిది అడగండి. మందు కలిపిన మేత కోడిపిల్ల తినే లెక్కకి కలిపి ఉంటారు, బాతు పిల్ల దానికన్నా ఎక్కువ మేస్తాది కాబట్టి మందు ఎక్కువ పడుతుంది. పొడిగా పెడితే గొంతుకి అడ్డం పడుతుంది, గోరువెచ్చని నీళ్లు పోసి జారుగా జావలాగా చేసి పెట్టాల, మన ఎండకి రెండు గంటలకే పులిసి వాసనొస్తాది, మిగిలింది పారేసి గిన్నె కడిగి మళ్లీ కొంచెమే కలుపుకోవాల. తడి మేత పెట్టే ఓపిక లేకపోతే పక్కనే నీళ్లన్నా ఉండాల, బాతు పిల్ల ఒక ముద్ద మేత, ఒక గుటక నీళ్లు, అట్లనే తింటాది. నీళ్లు దూరంగా ఉంటే మేత కూడా మానేస్తాది.

ఉడకబెట్టిన గుడ్డు పచ్చసొన, ఇది నీరసపడిన పిల్లకి మొదటి ముద్ద. వేళ్లతో మెత్తగా నలిపి నీళ్లల్లో జావ చేస్తే వాసనకి, పసుపు రంగుకి దాదాపు ప్రతి పిల్లా ముక్కు పెడుతుంది. కొవ్వు ఎక్కువ కాబట్టి ఒకటి రెండు రోజులే, ఆ తర్వాత స్టార్టర్‌లో కలిపి తగ్గించుకుంటా రావాల. బాతుకి గుడ్డు పెడతారా అని మొహం చిట్లించేవాళ్లుంటారు, కడుపులో అది తెచ్చుకున్నది కూడా సొనే కదా.

రాగి జావ మన సీమలో ఎవరింట్లోనైనా ఉంటాది, కాబట్టి అందరూ ముందు దానికే పోతారు. తప్పేం లేదు, పల్చగా ఉంటాది, గొంతు దిగుతాది, కొంచెం శక్తి ఇస్తాది, కాల్షియం బాగుంటాది. కానీ ప్రోటీన్ 7 శాతం చిల్లరే. రాత్రి పూట ఇంకేం దొరకనప్పుడు ఉప్పు, మజ్జిగ వెయ్యకుండా పల్చటి జావ ఇచ్చి, పొద్దున్నే గుడ్డు, స్టార్టర్ వైపు మారిపోండి. వారం రోజులు జావ మీదే ఉంచితే పొట్ట పెద్దదిగా, కాళ్లు సన్నగా తయారవుతాది. అన్నం అంతకన్నా తక్కువ, మెతుకులు ఉత్త బరువు, పిల్ల ఇష్టంగా తింటాది కాబట్టే ప్రమాదం, కడుపు నిండి మంచి మేత తినదు. బ్రెడ్డు సంగతి మాట్లాడుకోవడమే దండగ.

ఆకుల్లో కొత్తిమీర సన్నగా తరిగి నీళ్ల మీద చల్లితే తేలుతున్నదాన్ని పట్టుకోవాలని చూసి చూసి తినడం మొదలుపెడతాది. అజొల్లా పెంచేవాళ్లుంటే ఇంకా మంచిది, అది నీళ్ల మీదే తేలే మేత. పాలకూర ఎక్కువ వద్దు. ఆకులు, గింజలు పెట్టడం మొదలుపెట్టినాక కొంచెం సన్న ఇసుక కూడా పక్కన పెట్టండి, కడుపులో నలగాలంటే అది కావాల.

ఇప్పుడు ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాల, మన ప్రాంతం కాబట్టి. శెనక్కాయ చెక్క (నూనె తీసినాక మిగిలేది), బుడ్డల (శెనక్కాయల) పొట్టు, ఇంట్లో మిగిలిన పాత బుడ్డలు, ఇవి బాతు పిల్లకి పెట్టొద్దు. చెక్కలో ప్రోటీన్ బాగుంటాది, చవగ్గా వస్తాది, పశువులకి పెడుతున్నాం కదా అని చెయ్యి అటే పోతాది. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకి పైగా టర్కీ కోళ్లు వరసబెట్టి చచ్చిపోతే ఏం రోగమో తెలీక, వెతికి వెతికి చివరికి బ్రెజిల్ నుంచి వచ్చిన శెనక్కాయ చెక్కలో బూజు విషం అని తేల్చినారు, అదే అఫ్లాటాక్సిన్. అప్పుడు బాతు పిల్లలు కూడా పోయినాయి. ఆ తర్వాత ఏదైనా సరుకులో ఆ విషం ఉందా లేదా చూడ్డానికి మొదట్లో ఒక రోజు వయసు బాతు పిల్లల మీదే పరీక్ష చేసేవాళ్లు, అంత తక్కువ విషానికే వాటి లివర్ పోతాది కాబట్టి. కంటికి బూజు కనపడకపోయినా విషం ఉండొచ్చు. తడిసిన మొక్కజొన్నకీ ఇదే మాట. తింటా తింటా ఉన్న బాతు పిల్లలు ఉన్నట్టుండి మేత మానేసి ఒకదాని తర్వాత ఒకటి పడిపోతుంటే ముందు మేత బస్తా మార్చండి, మందు తర్వాత.

తినిపించేది ఎట్ల: వేలితోనా, సిరంజితోనా, ట్యూబుతోనా

ఇందులో నా మాట సూటిగా చెప్తా, పిల్ల తల నిలబెట్టగలిగితే సిరంజి వద్దు. ముక్కు చివర్న వేలితో సొన జావ కొంచెం పూయండి, తల విదిలించుకుని నాలుక ఆడిస్తాది, అట్ల లోపలికి పోయేదే అసలైన మేత. గిన్నెలో వేలితో టక్ టక్ అని కొడితే తల్లి ముక్కుతో పొడిచినట్టు అనుకుని అదీ పొడుస్తాది. ముక్కు ఒకసారి నీళ్లల్లో తాకించి వదిలేస్తే రెండోసారి తనే ముంచుతాది. పదిహేను నిమిషాలకోసారి ఇట్ల చెయ్యాల, విసుగు పుడుతుంది, కానీ ఊపిరితిత్తుల్లోకి నీళ్లు పోయే భయం ఉండదు.

సిరంజి ఎప్పుడంటే తల నిలబడుతుంది గానీ తనంతట తాను ముక్కు కదపనప్పుడు. 1 మిల్లీలీటర్ సిరంజి, సూది లేకుండా. నోరు తెరిచి గొంతులోకి కొట్టకూడదు, పిల్ల నాలుక మొదట్లోనే గాలి గొట్టం నోరు తెరుచుకుని ఉంటాది, అందులో పడితే అంతే. ముక్కు పక్క అంచున ఒక్క చుక్క పెట్టి, అది గుటక వేసేదాకా ఆగి, ఇంకో చుక్క. పొదిగిన పిల్ల బరువే 40, 50 గ్రాములు ఉంటాది, దానికి ఒక విడతకి 1 మిల్లీలీటరు, మహా అంటే 2, అంతకన్నా ఎక్కువ పొయ్యొద్దు, మళ్లీ రెండు మూడు గంటలకి. ముక్కులోంచి బుడగలు వచ్చినా, ఊపిరి తీసేటప్పుడు టిక్ టిక్ అన్నా, నోరు తెరిచి పీల్చినా వెంటనే ఆపేసి తల కిందికి వంచి పట్టుకోండి.

తల కూడా నిలవకుండా వాలిపోయే పిల్లకి సిరంజి కూడా పనికిరాదు, గుటకే వెయ్యలేదు కాబట్టి. దానికి ట్యూబుతో పొయ్యాల, అది చూపించి నేర్పించేవాళ్లు పక్కన లేకుండా ఇంట్లో చేసే పని కాదు, వీడియో చూసి అసలే వద్దు. అప్పటిదాకా వెచ్చగా ఉంచడమే మనం చెయ్యగలిగింది.

కాళ్లు నిలవని పిల్ల

తినాలని ఉంది, మేత దగ్గర పెడితే తింటాది, కానీ నడవలేక మోకాళ్ల మీద పాకుతా ఉంది, కీళ్లు ఉబ్బినాయి, ఇట్లాంటిది కనపడితే మొదట అనుమానించాల్సింది నియాసిన్, అంటే బి3 విటమిన్. బాతు పిల్లకి కిలో మేతలో ఇది 55 మిల్లీగ్రాములు కావాల, కోడిపిల్లకైతే 27 నుంచి 35 చాలు, ఎందుకంటే ప్రోటీన్‌లోంచి ఈ విటమిన్‌ని ఒంట్లోనే తయారు చేసుకునే శక్తి బాతుకి తక్కువ. కోళ్ల స్టార్టర్ మీద పెంచే బాతు పిల్లల్లో కాళ్లు పడిపోయేది అందుకే.

మూడు దారులున్నాయి. ఈస్ట్ పొడి, అంటే బ్రూవర్స్ ఈస్ట్, ఒక కప్పు మేతకి ఒక పెద్ద చెంచా, చెంచాన్నర కలపడం అన్నిటికన్నా నిదానమైన మంచి పద్ధతి, కానీ మన టౌన్లలో తొందరగా దొరకదు, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాల, పిల్ల అన్ని రోజులు ఆగదు. బ్రెడ్డు చేసేదానికి వాడే ఈస్ట్ దీనికి బదులు కాదు, అది కడుపులో పొంగుతాది. పచ్చి బఠానీ ఉడకబెట్టి నలిపి పెట్టడం మంచిదే గానీ ముందుజాగ్రత్తకే సరిపోతాది, పడిపోయిన పిల్లని లేపే అంత ఉండదు. మూడోది మెడికల్ షాపులో బి కాంప్లెక్స్ క్యాప్సూల్, నియాసినమైడ్ 100 మిల్లీగ్రాములు ఉన్నవి దొరుకుతాయి, అట్ట మీద చదివి తీసుకోండి, ఒక క్యాప్సూల్ పొడిని 4 లీటర్ల నీళ్లల్లో కలిపి రోజూ కొత్తగా మార్చాల, ఇంక వేరే నీళ్లు పెట్టకూడదు. తొందరలో నేను చెప్పేది ఇదే. పౌల్ట్రీ అంగట్లో ఇచ్చే చుక్కల మందులు కొన్నింట్లో ఎ, డి3, ఇ, బి12 మాత్రమే ఉంటాయి, మంచివే, కానీ కాళ్లకి అవి కావు, లేబుల్ మీద నియాసిన్ అనో నికోటినమైడ్ అనో పేరు ఉందా చూడండి. తొందరగా మొదలుపెడితే రెండు మూడు రోజుల్లో తేడా కనపడుతుంది, కీలు వంకర తిరిగిపోయినాక మొదలుపెడితే కష్టం.

కాళ్లు రెండు పక్కలకి విడిపోయింది వేరే సంగతి, అది జారుడు వల్ల. బ్యాండేజి పట్టీతో రెండు కాళ్లనీ మామూలుగా నిలబడేంత ఎడంతో కలిపి మూడు నాలుగు రోజులు ఉంచితే సర్దుకుంటాది.

తోడు గురించి రెండు మాటలు. సంతలో ముచ్చటపడి ఒక్క పిల్లనే కొనుక్కొస్తారు, అది రాత్రంతా అరుస్తాది, తినదు. ఇంకో బాతు పిల్ల దొరికితే అదే మందు. దొరక్కపోతే ఒక కోడిపిల్ల, అదీ లేకపోతే పెట్టెలో చిన్న అద్దం, మెత్తటి బొమ్మ. కానీ మిగతా పిల్లలు దీన్ని పొడుస్తుంటే మాత్రం తోడు పేరుతో వాటి మధ్య ఉంచొద్దు, మధ్యలో జల్లెడో వలో అడ్డం పెట్టి కనపడేటట్టు ఉంచండి.

ఇంట్లో చూసుకోవాలా, డాక్టర్ దగ్గరికా

ఒక్క పిల్ల నీరసం, మిగతావి బాగున్నాయి, వేడి పెట్టి గ్లూకోజ్ ఇచ్చిన కొన్ని గంటల్లో తల ఎత్తింది అంటే ఇంట్లోనే చూసుకోవచ్చు. బొడ్డు తడిగా వాసనొస్తుంటే, ఊపిరికి ఇబ్బంది పడుతుంటే, రక్తం కలిసిన రెట్ట వేస్తుంటే ఆగొద్దు. తల వెనక్కి వీపు మీదికి విరిచి కాళ్లు కొట్టుకుంటా గంటల్లో పోతున్నాయంటే బాతు పిల్లలకి వచ్చే వైరల్ హెపటైటిస్, అంటే లివర్‌ని పట్టే వైరస్ జబ్బు అయి ఉండొచ్చు, ఇది 6 వారాల లోపు పిల్లల్నే పట్టుకుంటాది, మేత మార్చి ఆపలేం. ఒకేసారి నాలుగైదు పోతే బర్డ్ ఫ్లూ కూడా మనసులో పెట్టుకోవాల, 2025 ఫిబ్రవరిలో మన రాష్ట్రంలో వచ్చిందే కదా, చచ్చినవాటిని ఉత్త చేతుల్తో పట్టుకోకుండా, కాలువలో పారెయ్యకుండా పశువుల ఆసుపత్రికి చెప్పండి.

మండలంలో పశువుల ఆసుపత్రి ఉండనే ఉంటాది, 1962 కి ఫోన్ చేస్తే సంచార పశు వైద్య వాహనం వాళ్లు పలుకుతారు, 2022 నుంచి నడుస్తా ఉంది. ఒక్క బాతు పిల్ల కోసం ఫోనా అని నవ్వుతారేమో అని మొహమాటపడొద్దు, కనీసం మందు కొలత అడగొచ్చు. కడప పక్క ఉన్నోళ్లకి ప్రొద్దుటూరులో పశు వైద్య కళాశాల ఉంది. గుంపు పెంచేవాళ్లయితే చచ్చిన పిల్లని కవర్లో చుట్టి ఐసు మీద పెట్టి తీసుకుపోతే కోసి చూసి కారణం చెప్తారు, ఫ్రీజర్లో గడ్డకట్టించి మాత్రం తీసుకుపోవద్దు. మిగతావాటిని కాపాడుకోవడానికి అంగట్లో అడిగి వాడే యాంటీబయాటిక్ పొడి కన్నా ఇది మేలు. ఆ పొడి అందరూ ఇస్తారు, వైరస్‌కి అది పని చెయ్యదు, చలికి పని చెయ్యదు, నియాసిన్ లోపానికీ పని చెయ్యదు.

పిల్లని పట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోండి, బాతు రెట్టలో సాల్మొనెల్లా అనే రోగక్రిమి ఉండొచ్చు, ఇంట్లో చిన్నపిల్లలు దాన్ని ముద్దు పెట్టుకోకుండా చూసుకోండి. తనంతట తాను రోజంతా తిని, తూకం రెండు రోజులు వరసగా పెరిగినాక గుంపులోకి వదలొచ్చు, పగలు వదిలి పొడుస్తున్నాయేమో గమనించి, మొదటి రాత్రి మాత్రం మళ్లీ పెట్టెలోకే. గుర్తుకి కాలికి రంగు దారం కడితే దాన్ని నాలుగు రోజులకోసారి వదులు చెయ్యండి, బాతు కాలు శానా తొందరగా లావవుతాది.